ఎగ్జిట్ తప్పించే విద్య

రోడ్డు మీద బోర్డులు పెట్టేవాళ్ళకి ప్రభుత్వం డబ్బులిస్తుంది. ఫోన్లో కనిపించే మ్యాపుకి బాణాలు పెట్టే మనకి ఎవరూ పైసా ఇవ్వరు. కాబట్టి మన పనిలో తప్పులు పట్టే హక్కు కూడా ఎవరికీ లేదు. ఈ ఒక్క సూత్రం ఒంటబట్టిందంటే మిగతా సలహాలు వాటంతటవే తోస్తాయి. అయినా కొత్తగా దిగుతున్న కుర్రకారు కోసం, ముఖ్యంగా మన హైదరాబాదు ఔటర్ రింగ్ రోడ్డు ఎగ్జిట్ల మీద చెయ్యి చేసుకోవాలని ఉబలాటపడుతున్నవాళ్ళ కోసం, కాస్త విడమరిచి చెబుతాను.

విషయం తెలియనివాళ్ళకి రెండు ముక్కలు. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ అని ఒకటుంది. 2004లో బ్రిటన్‌లో స్టీవ్ కోస్ట్ అనే ఆయన మొదలుపెట్టాడు. ఎవరైనా ఖాతా తెరిచి అందులో రోడ్డు గీయొచ్చు, ఇంకొకరు గీసింది దిద్దొచ్చు. ఓస్మాండ్, ఆర్గానిక్ మ్యాప్స్ లాంటి యాప్‌లు ఆ సమాచారం తీసుకునే దారి చెబుతాయి. రోడ్డంటే అందులో ఒక గీత. ఆ గీతకి తగిలించే వివరాలు ట్యాగులు. ఎన్ని లేన్లున్నాయో ‘లేన్స్’ ట్యాగు చెబుతుంది, ఏ లేను ఎటు పోతుందో ‘టర్న్ లేన్స్’ ట్యాగు చెబుతుంది. ఎగ్జిట్ దగ్గరపడగానే ఫోను తెర మీద నాలుగైదు బాణాలు వరసగా వచ్చి, మీరు ఉండాల్సిన లేను బాణం ఒక్కటే వెలుగుతుంది చూడండి, ఆ వెలుగు వెనకాల ఉన్నది మనలాంటివాళ్ళమే.

దీని మహత్తు ఎంతటిదంటే, ఫోనుకి మీరు ఏ లేన్లో ఉన్నారో తెలియదు. ఆకాశం బాగా కనిపించే చోట కూడా ఫోను జీపీఎస్ నాలుగైదు మీటర్లు అటూ ఇటూ అవుతుంది. లేను వెడల్పేమో మూడున్నర మీటర్ల చిల్లర. అంచేత యాప్ చేయగలిగింది ఒక్కటే, మనం పెట్టిన బాణాల బొమ్మ చూపించి, “ఇక నీ కళ్ళతో నువ్వు సరిచూసుకో నాయనా” అని వదిలేయడం. ఆ బొమ్మని మన చేతుల్లో పెట్టారంటే ఎంత నమ్మకం ఉండాలి! ఆ నమ్మకాన్ని ఎలా వాడుకోవాలో ఇప్పుడు చూద్దాం.

రోడ్డు వైపు చూడొద్దు

రోడ్డు మీద పెయింటుతో ఏ బాణం వేసి ఉంటే అదే ట్యాగులో రాయమని పాతకాలపు మ్యాపర్లు చెబుతారు. బాణం లేని లేనుకి ‘నన్’ అని రాయమంటారు, లేదా ఆ గడి ఖాళీగా వదిలేయమంటారు. ఖాళీ గడి చూస్తే మీకు చిన్నతనంగా ఉండదూ? పరీక్షలో ఖాళీలు పూరించి పెరిగిన జాతి మనది. తోచిన బాణం పెట్టేయండి.

అసలు ఔటర్ మీద ఎగ్జిట్ ఎలా ఉంటుందో గుర్తు చేసుకోండి. ఒక్కో వైపు నాలుగు లేన్లు. ఎగ్జిట్ వస్తోందనగా ఎడమ పక్కన అయిదో లేను పుడుతుంది. దిగేవాళ్ళు అందులోకి జరిగి, వేగం తగ్గించుకుని, ర్యాంపు పట్టుకుంటారు. మిగతా నాలుగూ యథాప్రకారం ముందుకు పోతాయి. ఇంత తేలికైన ఏర్పాటుని ఉన్నదున్నట్టు గీస్తే మన గొప్ప ఏముంది? అందుకని అయిదో లేనుని పట్టించుకోకుండా, నాలుగింట్లో ఎడమ చివరిదానికే ఎగ్జిట్ బాణం పెట్టండి. ఇక తమాషా చూడండి. తిన్నగా ఘట్‌కేసర్ దాకా పోవాల్సినవాడు ఎడమ లేన్లో బుద్ధిగా పోతూ, తెర మీద తన లేను ఎగ్జిట్‌లోకి పోతున్నట్టు కనిపించి, బెదిరి కుడివైపుకి దూకుతాడు. వెనక నుంచి గంటకి 120 మీద వచ్చేవాడికి అప్పటిదాకా నిద్ర వస్తుంటే అది వదిలిపోతుంది. రోడ్డు భద్రతకి మన వంతు సేవ ఇది.

బాణం పెయింటు చెరిగిపోయి, పైన బోర్డు మాత్రం ఉంటే ఏం రాయాలి? దీని మీద మ్యాపర్లలో నిజమైన తగువే ఉంది. పెయింటు ఉంటేనే రాయాలనేది ఒక పక్షం, బోర్డు చెప్పినా చాలనేది ఇంకో పక్షం. రెండింటికీ తర్కం ఉంది కాబట్టి మీరు ఏ పక్షమూ చేరొద్దు. పదహారో ఎగ్జిట్‌కి ఒక పద్ధతి, పధ్నాలుగుకి ఇంకో పద్ధతి పాటించండి. అడిగితే సమన్యాయం అనండి.

లెక్క ఎటునుంచి మొదలెట్టాలి

పుస్తకం ప్రకారమైతే ప్రయాణించే దిక్కుకి ముఖం పెట్టి, ఎడమ నుంచి కుడికి లెక్కపెట్టాలి. ఇండియా అయినా, అమెరికా అయినా, ఏ పక్క నడిపే దేశమైనా ఇదే వరస. లేనుకీ లేనుకీ మధ్య ఒక నిలువు గీత. ఒకే లేను నుంచి తిన్నగానూ పోవచ్చు, దిగనూ వచ్చు అంటే ఆ రెండు మాటల మధ్య సెమికోలన్. ఆ లెక్కన మన అయిదు లేన్ల ముక్కకి ‘స్లయిట్ లెఫ్ట్|నన్|నన్|నన్|నన్’ అని రాయాలి. చూశారా, ఎంత చప్పగా ఉందో.

మన రోడ్ల మీద డివైడర్ పక్కనున్నదాన్నే ఒకటో లేను అనే అలవాటుంది కదా, మీరూ అక్కణ్ణుంచే లెక్కపెట్టండి. అప్పుడు స్లయిట్ లెఫ్ట్ వెళ్ళి వరస చివర్న పడుతుంది. అంటే మ్యాపు దృష్టిలో కుడి చివరి లేనన్నమాట. ఎడమకి దిగాల్సిన బండిని, దిగే ముందు డివైడర్ దాకా తీసుకెళ్ళి, అక్కణ్ణుంచి అయిదు లేన్లూ అడ్డంగా కోయించి దించుతారు. డ్రైవరుకి రోడ్డు వెడల్పంతా స్వయంగా తెలిసొస్తుంది.

పక్కనున్న షోల్డర్ని లేన్ల లెక్కలో కలపొద్దంటారు కొందరు. బండి చెడిపోతే ఆపుకోవడానికి వదిలిన జాగాట అది. ఎప్పుడు చూసినా అక్కడ రెండు లారీలు ఆగి ఉంటాయి, ఒక కారు పక్కన అన్నం క్యారియర్ విప్పుకుని ఒక కుటుంబం భోంచేస్తూ ఉంటుంది. ఇంతమంది వాడుతున్నదాన్ని లేను కాదనడం అన్యాయం. కలిపేయండి. కలిపాక ‘లేన్స్’ ట్యాగులో ఆరు అని రాసి, ‘టర్న్ లేన్స్’లో మాత్రం అయిదు మాటలే పెట్టండి. రెండూ కుదరకపోతే కొన్ని యాప్‌లు ఆ బాణాల బొమ్మ చూపించడమే మానేస్తాయి, కొన్ని తప్పుడు లేను వెలిగిస్తాయి. ఏ యాప్ ఏం చేస్తుందో తెలియకపోవడంలో ఉన్న మజా మీకు చెప్పేదేముంది. ఓస్మోస్ అని ఒక చాడీలమారి ఉంది, ఇలాంటి తేడాలన్నీ ఏరి మ్యాపు మీద గుర్తులు పెడుతూ ఉంటుంది. దాని వైపు కన్నెత్తి చూడకండి.

ఎక్కడ తెంపాలి, ఎక్కడ కలపాలి

ఇదీ అసలు విద్య. మిగతావన్నీ మర్చిపోయినా ఇది మర్చిపోవద్దు.

లేన్ల సంఖ్య మారిన ప్రతిచోటా రోడ్డు గీతని రెండు ముక్కలు చేయాలి. అయిదో లేను పూర్తి వెడల్పుకి వచ్చిన చోట ఒక తెంపు, ర్యాంపు విడిపోయిన చోట ఇంకో తెంపు. మధ్య ముక్కకే ఎగ్జిట్ బాణం. ఇలా తెంపడానికి ఒళ్ళు వంగాలి కాబట్టి, అసలు తెంపకండి. రాజేంద్రనగర్ నుంచి శంషాబాద్ దాకా ఒకే ముక్కగా ఉంచి, మొత్తానికీ అయిదు లేన్ల బాణాలు తగిలించండి. రాజేంద్రనగర్ దాటిన క్షణం నుంచీ తెర మీద ‘ఎడమ లేను’ అని వెలుగుతూనే ఉంటుంది. లేని లేను కోసం జనం కిలోమీటర్ల తరబడి రెయిలింగు రాసుకుంటూ పోతారు. ఎయిర్‌పోర్టుకి పోయే కుటుంబాలు ముందునుంచే జాగ్రత్తపడతాయి, అదీ మంచిదే.

ఇక ర్యాంపు గీత ఎక్కడ మొదలవ్వాలి? మెయిన్ రోడ్డుకీ ర్యాంపుకీ మధ్య మొదట నిండు తెల్ల గీత వస్తుంది, తర్వాత వీ ఆకారంలో చారలు, ఆ తర్వాత క్రాష్ బారియర్ ముక్కు. ఆ విడిపోయే తావున ర్యాంపు గీతని కలిపి, అక్కడి బిందువుకి ‘మోటార్‌వే జంక్షన్’ అని ట్యాగు పెట్టి, శంషాబాద్‌దైతే ఎగ్జిట్ నంబరు 16 అని వేయాలి. ఇంకా దాటుకోవడానికి వీలున్నంతసేపూ రోడ్డు ఒకటే, గీత కూడా ఒకటే. ఈ సంగతి అందరికీ తెలుసు. తెలిసినదాన్ని తెలిసినట్టు చేస్తే పేరు రాదు.

పేరు రావాలంటే రెండు దారులు. మొదటిది, ర్యాంపుని మూడు వందల మీటర్ల ముందే విడదీయడం. గంటకి 100 అంటే సెకనుకి దాదాపు 28 మీటర్లు, కాబట్టి మూడు వందల మీటర్లంటే పదకొండు సెకన్లు. బండిలో ఏం జరుగుతుందో ఊహించుకోండి. పెద్దబ్బాయిని డల్లాస్ విమానం ఎక్కించడానికి పోతున్నారు, వెనక సూట్‌కేసులు, ముందు సీట్లో ఫోను పట్టుకున్న కుర్రాడు.

“బాబాయ్, ఇప్పుడే ఎడమకి తిప్పమంటోంది.”

“ఎక్కడికి తిప్పనురా, రెయిలింగే ఉంది కదా!”

“తిప్పలేదని మళ్ళీ లెక్కేస్తోంది. పెద్ద గోల్కొండ దాకా పోయి వెనక్కి రమ్మంటోంది.”

“అదిగో, ముందర శంషాబాద్ బోర్డు కనిపిస్తోందిగా!”

“యాప్‌లో అది దాటిపోయాం బాబాయ్.”

పదకొండు సెకన్లలో ఒక కుటుంబం ఎన్ని మాటలు అనుకోగలదో మనకి తెలిసేది ఇలాంటి చోటే. పైగా మెయిన్ రోడ్డుకి అయిదారు మీటర్ల దూరంలో, దానికి సమాంతరంగా మూడు వందల మీటర్ల ర్యాంపు గీత ఉంటే, జీపీఎస్ చుక్క కాసేపు దీని మీదా కాసేపు దాని మీదా గంతులేస్తుంది. దిగనివాణ్ణి దిగిపోయాడనుకుంటుంది, దిగినవాణ్ణి పోతున్నాడనుకుంటుంది.

రెండో దారి ఇంతకంటే నాజూకైనది. ర్యాంపుని బారియర్ ముక్కు దాటాక, ఓ నూటయాభై మీటర్ల అవతల కలపండి. బండి ఎగ్జిట్ పక్కనుంచి వెళ్ళిపోతూ ఉంటుంది, ఫోనేమో నింపాదిగా “నూటయాభై మీటర్లలో ఎడమకి” అంటుంది. డ్రైవరు ఇంకా టైముందిలే అనుకుంటాడు. తీరా ఆ టైము వచ్చేసరికి పక్కన గడ్డి. అప్పుడు మన జనం ఏం చేస్తారో ఔటర్ మీద తిరిగినవాళ్ళందరూ చూసే ఉంటారు. హజార్డ్ లైట్లు వేసి, తల వెనక్కి తిప్పి, ఎక్స్‌ప్రెస్‌వే మీద రివర్సు గేరు. ఆ దృశ్యానికి కారకులు కావాలంటే ఈ రెండో దారే శ్రేష్ఠం. రివర్సు గేరు వేయని మర్యాదస్థుడు తర్వాతి ఎగ్జిట్ దాకా పోతాడు. 158 కిలోమీటర్ల వలయంలో ఎగ్జిట్‌కీ ఎగ్జిట్‌కీ మధ్య సగటున ఏడెనిమిది కిలోమీటర్లు. ఎక్కినచోటు నుంచి దిగినచోటు దాకా దూరం లెక్కకట్టి టోలు తీసుకుంటారు కాబట్టి ఫాస్టాగ్‌లో కూడా నాలుగు డబ్బులు తగ్గుతాయి. టోలు వసూలు చేసేవాళ్ళకి మేలు.

కుడికి పోయేది ఎడమెలా అవుతుంది

కొన్ని ఇంటర్‌చేంజిల్లో ర్యాంపు ఎడమకి దిగి, గుండ్రంగా తిరిగి, చివరికి మనం వచ్చిన రోడ్డుకి కుడివైపు తీసుకెళుతుంది. పెయింటు బాణం మాత్రం ఎడమకి కొద్దిగా వంగి ఉంటుంది. డ్రైవరుకి ఆ క్షణంలో కావలసింది స్టీరింగు ఎటు తిప్పాలన్నదేనని వాదిస్తారు కొందరు. అంత హ్రస్వదృష్టి పనికిరాదు. మనిషికి గమ్యం ముఖ్యం. చివరికి చేరేది కుడివైపు కాబట్టి ‘రైట్’ అని పెట్టండి. వేదాంతం తెలిసినవాళ్ళు మెచ్చుకుంటారు.

ర్యాంపు గీతని మెయిన్ రోడ్డు నుంచి చిన్న కోణంలో, మెల్లగా పక్కకి తీయాలని కూడా అంటారు. దారి లెక్కకట్టే సాఫ్ట్‌వేర్ ఆ కోణం చూసే, ‘ఎడమ పక్కన ఉండండి’ అనాలో ‘ఎడమకి తిరగండి’ అనాలో తేల్చుకుంటుందట. మీరు టీ స్క్వేరు పెట్టి తొంభై డిగ్రీల్లో కొట్టండి. ఎంత అందంగా ఉంటుందో. ఎక్స్‌ప్రెస్‌వే మీద వందలో పోతున్నవాడు ‘ఎడమకి తిరగండి’ అని వినగానే ముందు బ్రేకు మీద కాలు వేస్తాడు, తర్వాత దేవుణ్ణి తలుచుకుంటాడు.

ఫ్లైఓవర్లది ఇంకో కథ. మెహిదీపట్నం నుంచి ఆరాంఘర్ దాకా పీవీ నరసింహారావు ఎక్స్‌ప్రెస్‌వే ఉంది, 11.6 కిలోమీటర్ల పొడవునా గాల్లోనే. కింద మామూలు రోడ్డు, దానికి అడ్డంగా వీధులు. మ్యాపులో పై గీతా కింది గీతా ఒకదాన్నొకటి దాటే ప్రతిచోటా ఒక బిందువు పెట్టి రెండింటినీ అంటించండి. ఎక్కడికక్కడ కలుపుగోలుగా ఉంటుంది. ఆ అంటించిన బిందువు దగ్గర సాఫ్ట్‌వేర్‌కి అది నాలుగు రోడ్ల కూడలిలాగే కనిపిస్తుంది కాబట్టి, పైన పోయేవాణ్ణి నిస్సంకోచంగా ఎడమకి తిరగమంటుంది. అలా తిరిగేంత విధేయుడు ఉండడనుకోండి. కానీ దగ్గరి దారి దొరికిందన్న సంబరంలో యాప్ మొత్తం ప్రయాణాన్నే ఆ లేని మలుపు మీదుగా అల్లేస్తుంది. దిగాల్సిన ర్యాంపు సంగతి నోరెత్తి చెప్పదు.

పేర్లు, నంబర్లు

ఎక్కువ చెప్పడానికి ఏమీ లేదు. ఎగ్జిట్ నంబరుకి వేరే ట్యాగుంది, ర్యాంపు ఎటు పోతుందో చెప్పడానికి ‘డెస్టినేషన్’ ట్యాగుంది, తెలుగు పేరుకి తెలుగు గడి ఉంది. మీరు అన్నింటినీ పేరు గడిలోకే కుక్కి ‘ఎగ్జిట్ 16 శంషాబాద్ ఎయిర్‌పోర్ట్ బెంగళూరు హైవే టోల్ గేట్ తర్వాత ఛాయ్ బాగుంటుంది’ అని రాయండి. యాప్ గొంతు అదంతా చదవడం పూర్తి చేసేసరికి ఎగ్జిట్ ఎలాగూ దాటిపోతుంది. తెలుగు గడి మాత్రం ఖాళీగా ఉంచండి. పెద్ద అంబర్‌పేట పేరు యంత్రం నోట ఎన్ని వంకర్లు పోతుందో వినడం కూడా ప్రయాణంలో ఒక వినోదమే.

సమాచారం ఎక్కడ దొరుకుతుంది

పక్క సీట్లో కూర్చుని, కెమెరా అద్దానికి తగిలించి, ఎగ్జిట్ దాటుతూ వీడియో తీసి, ఇంటికొచ్చి ఆపి ఆపి చూసుకుని లేన్లు లెక్కపెట్టే మ్యాపర్లున్నారు. అలా తీసిన ఫోటోలని మ్యాపిల్లరీలో పెడతారు కూడా, ఇంకొకరికి పనికొస్తాయని. పాపం, వాళ్ళకి వేరే పనిలేదు. మనకి దగ్గరి దారుంది. పక్క కిటికీలో గూగుల్ మ్యాప్ తెరుచుకుని ఉన్నదున్నట్టు దించేయడం. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో దీనికి ససేమిరా ఒప్పుకోరు. అది ఇంకొకరి సొత్తట, లైసెన్సు ఉల్లంఘనట, దొరికితే మీ పనంతా చెరిపేస్తారట. దించేటప్పుడు అందులోని తప్పులు కూడా దించితే దొరికిపోతారని పదో తరగతిలోనే నేర్చుకున్నాం కదా, జాగ్రత్త.

గీయడానికి అనుమతి ఉన్న ఉపగ్రహ చిత్రాలు కూడా ఉన్నాయి, బింగువీ ఎస్రీవీ. అవి ఎప్పుడు తీసినవో చూడొద్దు. కొన్ని చోట్ల చిత్రం నేల మీది అసలు స్థానం నుంచి కొన్ని మీటర్లు జరిగి ఉంటుంది. జీపీఎస్ జాడలతో పోల్చి సరిచేసుకోవాలంటారు. మీరు రోడ్డునే జరపండి. జరిపాక ఔటర్ మెయిన్ రోడ్డు వెళ్ళి సర్వీసు రోడ్డు మీద కూర్చుంటుంది. ఏముంది, ఇరుగుపొరుగే కదా.

మరమ్మతుల కోసం ఒక ర్యాంపు రెండు రోజులు మూశారనుకోండి. వెంటనే మ్యాపులోంచి ఆ ర్యాంపుని పీకేయండి. ఓస్మాండ్‌లాంటి యాప్‌లలో మ్యాపు మామూలుగా నెలకోసారి కొత్తది వస్తుంది, జనం దాన్ని దించుకునేది ఎప్పుడో తీరినప్పుడు. మూడో రోజుకి ర్యాంపు తెరుచుకుంటుంది. ఫోన్లలో మాత్రం వచ్చే పండక్కి కూడా తెరుచుకోదు.

నలుగురితో మెలగడం

చేసిన మార్పులు ఎక్కించేటప్పుడు ఏం చేశారో ఒక వ్యాఖ్య రాయమని అడుగుతుంది. ‘అప్‌డేట్’ అని రాయండి. రెండోసారి ‘ఫిక్స్’ అనండి. శంషాబాద్ ఎగ్జిట్‌నీ, విజయవాడ బెంజ్ సర్కిల్‌నీ, మీ అత్తగారి ఊళ్ళో చెరువునీ ఒకే మూటలో ఎక్కించండి. ఎవరైనా సరిచూడాలనుకుంటే మూడు జిల్లాలు తిరగాలి. వాళ్ళకి ఊళ్ళు చూసినట్టూ ఉంటుంది.

ఆ దారిన రోజూ ట్యాక్సీ తిప్పే కుర్రాడెవరో మ్యాపు మీద చిన్న నోట్ పెడతాడు: “అన్నా, ఇక్కడ ఎడమ లేను ఎగ్జిట్‌లోకి పోదు. దాని పక్కన ఇంకో లేను వస్తుంది, అదే పోతుంది. యాప్ తప్పు చూపిస్తోంది.” ఇలాంటివాళ్ళతో ఓపిగ్గా మాట్లాడాలి. ముందు అతని ఖాతా వయసెంతో చూడండి. పదిరోజులే అయితే, మీరు ఎన్నేళ్ళుగా ఈ పనిలో ఉన్నారో చెప్పండి. అతను ఫోటో పెడితే అది ఏ కోణంలో తీశాడని అడగండి. రెండో ఫోటో పెడితే, మా కంప్యూటర్లో సరిగ్గానే కనిపిస్తోందని రాసి నోట్ మూసేయండి. మళ్ళీ తెరుస్తాడు. మీరూ మళ్ళీ మూసేయండి. అతనికి మధ్యలో కిరాయిలుంటాయి, మీకుండవు.